స్ఫింక్సు బొమ్మల సింగరు

పురానాపూల్ దగ్గర గురువారాల్లో జరిగే జుమ్మేరాత్ బజారులో ఒక పాత కుట్టుమిషను కొన్నాను. కొన్నాననడం కంటే, మరొకరు కొనకుండా అడ్డుపడ్డాననడం సబబు. నేను వెళ్ళేసరికే దాని చుట్టూ బేరం సాగుతోంది. బేరమాడుతున్న పెద్దమనిషికి కావలసింది మిషను కాదు, దాని కింది ఇనుప స్టాండు. ఆ పోతపోసిన కాళ్ళ మీద ఒక గ్రానైటు పలక పరిస్తే హోటల్లో కాఫీబల్ల అవుతుందట. మరి పైనున్న తలకాయ సంగతేమిటని అడిగితే, అమ్మే అతను "అది తూకానికి పోతది సార్" అని తేల్చేశాడు.

ఆ తలకాయ వంక చూశాను. నల్లగా, జిడ్డుగా, ఏళ్ళ తరబడి వంటింటి అటక మీద పడి ఉన్నదానిలా ఉంది. చేతిచక్రం పట్టి తిప్పబోతే వెంట్రుకవాసి కూడా కదలలేదు. బొటనవేలితో ఒకచోట మసి తుడిచేసరికి లోపలి నుంచి పసుపుపచ్చగా ఒక కన్ను కనిపించింది. ఇంకాస్త తుడిస్తే ముఖం, ఆపైన సింహం ఒడలు. ఈజిప్టు స్ఫింక్సు! హైదరాబాదు సంతలో, పగిలిన టీవీలకూ పాత తాళాలకూ నడుమ, స్కాట్లండులో అద్దిన ఈజిప్టు బొమ్మ.

స్కాట్లండని ఎలా తెలిసిందంటారా? సింగరు కంపెనీ వారు ప్రతి మిషను పీఠం మీదా కుడివైపున ఒక సంఖ్య ముద్రించేవారు. 1900 తరువాత ఆ సంఖ్యకు ముందు ఒక అక్షరమో రెండక్షరాలో చేర్చారు. ఆ అక్షరాన్ని బట్టి ఏ కర్మాగారంలో తయారైందో, సంఖ్యను బట్టి సుమారుగా ఏ కాలానిదో పోల్చుకోవచ్చు. దీని మీద ఉన్నది 'ఎఫ్'. అంటే గ్లాస్గో నగరానికి ఆనుకుని ఉన్న క్లైడ్‌బ్యాంకు కర్మాగారం. ఎఫ్ వరుసలో ముందువైపు సంఖ్య కాబట్టి 1910వ దశకపు మిషను. రకం 27. మన అమ్మమ్మల కాలంలో ఇంటింటా కనిపించిన మిషన్లకన్నా పాత తరహాది.

ఇంతలో ఆ పెద్దమనిషికి ఫోను వచ్చి పక్కకు వెళ్ళాడు. ఆ సందులో నేను ధర అడిగాను. నాకు ఆసక్తి ఉందని పసిగట్టగానే అమ్మకందారు స్వరం మారిపోయింది. "దీంట్ల ఎర్ర పాదరసం ఉంటది సార్" అన్నాడు రహస్యంగా. ఈ పుకారు వయసు తక్కువదేమీ కాదు. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగరు మిషన్ల సూదుల్లో ఎర్ర పాదరసం ఉందనీ, దానితో నిధులు కనిపెట్టవచ్చుననీ వదంతి లేచి, వాటి ధర ఉన్నట్టుండి ఆకాశానికి ఎగబాకింది. జనం సెల్‌ఫోను దగ్గర పెట్టి సూదిని పరీక్షించేవారట. సూది మామూలు ఉక్కు సూదే. "పాదరసం ఉంటే నువ్వే ఉంచుకో, నాకు ఇనుము చాలు" అన్నాను. నవ్వాడు. స్టాండుతో కలిపి మూడువేల ఎనిమిది వందలకు కుదిరింది, ట్రాలీ ఆటో ఖర్చు నాది. తిరిగి వచ్చిన పెద్దమనిషి నన్ను చూసిన చూపును ఇక్కడ వర్ణించను.

క్లైడ్‌బ్యాంకు గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు సాగలేను. 1880లలో సింగరు కంపెనీ అక్కడ కట్టిన కర్మాగారం తన కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కుట్టుమిషన్ల కర్మాగారం. నాలుగు ముఖాల గడియార స్తంభం ఒకటి ఊరంతటికీ కనిపించేది. దాన్ని 1963లో పడగొట్టారు. కర్మాగారం 1980లో మూతపడింది. ఆ ఊళ్ళో ఒక రైల్వేస్టేషను పేరు మాత్రం ఇప్పటికీ 'సింగర్'. దిగవలసిన కర్మాగారం లేదు, స్టేషను ఉంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. 1911 మార్చిలో ఆ కర్మాగారంలో మిషను బల్లలకు పాలిషు పట్టే విభాగంలోని కొద్దిమంది ఆడవాళ్ళు, పని పెంచి రాబడి తగ్గించే కొత్త ఏర్పాటును సహించక పని ఆపేశారు. రోజుల వ్యవధిలో సుమారు 11,000 మంది వాళ్ళ వెంట బయటికి వచ్చేశారు. సమ్మె ఏప్రిల్‌లో ఓటమితో ముగిసింది. ముందు నిలబడినవాళ్ళలో ఎందరినో తరువాత పనిలోంచి తొలగించారు. నా మిషను ఆ సమ్మెకు కాస్త ముందుదో వెనుకదో తేల్చి చెప్పే ఆధారం నా దగ్గర లేదు. అయినా దాని చెక్కబల్లను తుడిచేటప్పుడల్లా ఆ ఆడవాళ్ళే గుర్తుకొస్తారు. (నా బల్ల తరువాతెప్పుడో ఇక్కడి వడ్రంగి టేకుతో చేసినదే. గుర్తుకు రావడానికి అదేమీ అడ్డం కాలేదు.)

ఇక బాగుచేత. పట్టేసిన మిషనును బలవంతంగా తిప్పకూడదన్నది మొదటి నియమం. అది తుప్పు పట్టి బిగుసుకోలేదు. వేసిన నూనే ఎండి, గోధుమరంగు లక్కలా గట్టిపడి కీళ్ళన్నీ అతుక్కుపోయాయి. కొందరు మిషనులో కొబ్బరినూనె వేస్తారు. తలకు మంచిదే గాని మిషనుకు శత్రువు. పైమూతలు విప్పి, నూనె రంధ్రాలన్నిటిలోనూ, ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు మళ్ళీ. మూడో రోజు సాయంకాలం చేతిచక్రం ఆవగింజంత కదిలింది. ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఇంకో గంట కూర్చుంటే సూదికమ్మి ఒక్కసారిగా కిందికి దిగి మళ్ళీ పైకొచ్చింది. ఆ క్షణంలో ఇంట్లో ఎవరూ లేకపోవడం వల్ల నేను చేసిన కేకకు సాక్షులు లేరు.

కిరసనాయిలు మురికిని కరిగిస్తుందే గాని కందెన కాదు. అందుకని దాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచేసి, అసలైన మిషను నూనె వేయాలి. పాత జిడ్డంతా నల్లని కన్నీరులా రెండు రోజులు కారుతూనే ఉంది. కింద పరిచిన పాత దినపత్రికలు ఎన్ని మార్చానో!

పైభాగం శుభ్రం చేయడం ఇంతకన్నా సున్నితమైన పని. ఆ నల్లని నిగనిగ మామూలు రంగు కాదు, కొలిమిలో కాల్చి గట్టిపరిచిన నల్ల వార్నిషు. దాని మీద బంగారురంగు బొమ్మలు అద్ది, వాటిపైన లక్కతో చేసిన పల్చని పూత వేసేవారు. స్పిరిటు తగిలితే ఆ లక్క కరిగిపోతుంది, దానితోపాటే బొమ్మలూ పోతాయి. అమ్మోనియా కలిసిన అద్దాలు తుడిచే నీలం ద్రవమైతే బంగారాన్ని వెండిగా మార్చేస్తుంది. మిషను నూనెలో తడిపిన మెత్తని పాత పంచెముక్కతో, వేలెడంత మేర చొప్పున, ఒత్తకుండా రుద్దుతూ పోవడమొక్కటే మార్గం. రోజుకు అరగంట చొప్పున పన్నెండు రోజులు పట్టింది. మెడ మీద, నిలువు కంబం మీద స్ఫింక్సులు ఒక్కటొక్కటే బయటపడ్డాయి. పీఠం ముందు అంచున మాత్రం బొమ్మ లేదు. బొమ్మే కాదు, నలుపు కూడా అరిగి ఇనుము తెల్లగా మెరుస్తోంది.

సికిందరాబాదులో కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే చిన్న దుకాణంలో ఒక ముసలి మేస్త్రి పరిచయమయ్యాడు. ఇంటికి వచ్చి, మిషను తల వెనక్కి వాల్చి అడుగుభాగం చూసి, నాలుగుసార్లు చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇంజన్ మంచిగుంది సార్. జాన్ పోలే" అన్నాడు. నాకంటె ఆ మిషనే ఎక్కువ ఊరట చెందినట్టు అనిపించింది. తరువాత పీఠం ముందు అంచు చూసి, "ఇదంతా గీకి, స్ప్రే పెయింటు కొట్టి, కొత్త స్టిక్కర్లు వేస్తా. షోరూమ్ల పెట్టొచ్చు" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను.

లోపలి పనితనం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ 27 రకం మనకు అలవాటైన ఉషాలాంటి మిషను కాదు. ఉషాలో కింద గుండ్రటి బాబిను, దాన్ని చుట్టి అటూ ఇటూ ఊగే కొక్కెం ఉంటాయి. ఇందులో బాబిను సన్నగా, పొడుగ్గా, అగ్గిపుల్లకు రెండు చివరలా బిళ్ళలు తొడిగినట్టుంటుంది. అది ఒక మొనదేలిన ఉక్కు గొట్టంలో కూర్చుంటుంది. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తినట్టు, ఈ ఉక్కు నాడె పీఠం కింద లోలకంలా ఊగుతుంది. సూది బట్టలోకి దిగి, తిరిగి రవంత పైకి లేచినప్పుడు దారం వదులై చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే నాడె మొన ఆ ఉచ్చులో దూరి, తన దారాన్ని అందులోంచి ఈడ్చుకుపోతుంది. పైదారం, కిందిదారం బట్ట మందంలో ఒకదాన్నొకటి మెలివేసుకుంటాయి. అంతే కుట్టు. ఆ విచ్చుకోవడానికీ దూరడానికీ మధ్య ఉన్న వ్యవధి ఎంత చిన్నదో చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తేగాని తెలియదు. నేతగాళ్ళ నాడెను చూసి ఎరిగినవారికి ఈ మిషను పరాయిదిగా అనిపించదు.

సూది విషయంలోనూ తేడా ఉంది. ఉషాలో దారం కుడి నుంచి ఎడమకు ఎక్కిస్తారు. ఇందులో ఎడమ నుంచి కుడికి. సూది చదును వైపు కూడా అందుకు తగ్గట్టు తిరిగి ఉండాలి, లేకపోతే ఒక్క కుట్టు పడదు. సంతోషకరమైన సంగతేమంటే, నూరేళ్ళ కిందటి ఈ మిషనుకు ఇవాళ ఏ ఫ్యాన్సీ దుకాణంలో దొరికే ఇంటిమిషను సూదైనా సరిపోతుంది. ఇంత కాలం మారకుండా నిలిచిన కొలత మన ఇళ్ళలో మరేదైనా ఉందా? చార్జరు తీగలు రెండేళ్ళకొకసారి మారుస్తున్న కాలంలో ఈ మాట అనకుండా ఉండలేకపోతున్నాను.

స్టాండుకు పని తక్కువే. తీగల బ్రష్షుతో తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, పల్చగా నూనె రాశాను. పెడలును పెద్ద చక్రానికి కలిపే కమ్మి వదులైతే మేస్త్రి బిగించాడు. తోలు బెల్టు ఆరడుగులు కొత్తది కొన్నాం. గుండ్రటి తోలు తాడు. రెండు చివరలా రంధ్రం చేసి ఇనుప కొండీతో కలపాలి. కొత్తలో సాగుతుంది కాబట్టి నెలకొకసారి ముక్క కోసి మళ్ళీ కలపాలి. "మోటారు పెడితే ఈ తకరారు ఉండదు సార్" అని మేస్త్రి సలహా.

ఇక్కడే మా అమ్మ కథలోకి వస్తుంది. ఆవిడకు ఎనభై మూడేళ్ళు. ఆ నెలలో తెనాలి నుంచి మా ఇంటికి వచ్చి ఉంది. 1962లో నెలసరి వాయిదాల మీద ఒక ఉషా మిషను కొని, నాన్నకు జబ్బుచేసి పని మానేసిన తరువాత పదిహేడేళ్ళు దాని మీదే ఇల్లు నడిపిన మనిషి. (వాయిదాల మీద మిషన్లు అమ్మడమనే చిట్కా కూడా సింగరు కంపెనీదే, 1856లో అమెరికాలో మొదలుపెట్టింది. ఆ చిట్కా లేకపోతే తెనాలిలో మా ఇంటికి మిషను వచ్చేది కాదు.) నేను బాగుచేస్తున్నంత కాలం ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేది. ఒక్కమాటా అనేది కాదు. తల స్టాండు మీద బిగించాక, "అమ్మా, నువ్వే మొదటి కుట్టు వెయ్యి" అన్నాను.

"నేను కూర్చోనురా" అంది.

కళ్ళు కనబడవనో, మోకాళ్ళు సహకరించవనో కాదు. నిష్కర్షగా, కోపం లేకుండా అన్నమాట అది. కాసేపాగి చెప్పింది: "నువ్వు దాన్ని బొమ్మను చూసినట్టు చూస్తున్నావు. చూసుకో, తప్పులేదు. నాకది చాకిరీ. పొద్దున వంటయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టేదాకా. పండగ ముందైతే రాత్రి రెండింటిదాకా. రవిక్కి ముప్పావలా. కాజాలు, హుక్కులు, తుర్పాయి మళ్ళీ చేత్తోనే. వాటికి వేరే కూలి ఉండదు. కాళ్ళు పడుకున్నాక కూడా ఆడుతూనే ఉండేవి. నీకు ఉద్యోగం వచ్చిన నెలలోనే ఎదురింటి కోటేశ్వరమ్మ కూతురికి ఇచ్చేశా. ఆ మర్నాడు ఎంత హాయిగా నిద్రపోయానో!"

అప్పుడు నాకు గాంధీగారు గుర్తుకొచ్చారు. యంత్రాలను అంతగా నిరసించిన ఆయన, 1924లో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఒక సంభాషణలో సింగరు కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ఆమె మీది ప్రేమతో సింగరు దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. అందమైన కథ. కాని ఐజాక్ సింగరు పలువురు స్త్రీల వల్ల ఇరవైమందికి పైగా సంతానం కన్న మనిషి. ఆయన దాంపత్య ప్రేమను ఉదాహరణగా చెప్పడం కష్టం. పైగా కన్నున్న మొన గల సూదికీ, రెండు దారాల మెలికకూ 1846లోనే హక్కుపత్రం పొందినవాడు ఇలియాస్ హోవే. సింగరు హక్కుపత్రం 1851 నాటిది. యంత్రం శ్రమను తగ్గించిందన్న మాట నిజమే. చేత్తో నిమిషానికి ముప్పై నలభై కుట్లు పడేచోట మిషను మీద వందలు పడతాయి. కాని తగ్గిన శ్రమ ఎవరి చేతిలో మిగిలిందన్నది వేరే లెక్క. మా అమ్మ విషయంలో మిగిలిన కాలమంతా ఇంకో రవికగా మారింది. ఆ రవికలతోనే మేము చదువుకున్నాము. అందువల్ల ఆవిడ మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదు, గాంధీగారికి ఉందేమో.

మొదటి కుట్టు నేనే వేశాను. పెడలు మీద రెండు పాదాలు, ఒకటి కాస్త ముందుకు, ఒకటి వెనక్కు. చేతిచక్రాన్ని మనవైపుకు తిప్పి, ఆ ఊపును కాళ్ళతో అందుకోవాలి. చక్రం వెనక్కి తిరిగితే దారం తెగుతుంది. గుడ్డ మీద కుట్టు పడింది గాని అడుగున దారం ఉండలు కట్టింది. "పైదారం వదులు" అంది అమ్మ కుర్చీలోంచి. బిగువు మర అరచుట్టు తిప్పాను. ఉండలు పోయాయి, ఈసారి కిందిదారం పైకి కనిపించింది. "అంత కాదు, సగం వెనక్కి తిప్పు." తిప్పాను. గుడ్డ రెండు వైపులా ఒకేలాంటి కుట్టు, చీమలబారు లాగా. అమ్మ గుడ్డ అందుకుని గోటితో కుట్టు వెంట గీసి చూసింది. "పర్వాలేదు" అంది. పదిహేడేళ్ళు ఆ పనితో బతికిన మనిషి నోట 'పర్వాలేదు' అంటే ఎంతో నాకు తెలుసు.

ఆ తరువాత ఆవిడ లేచి మిషను దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. పీఠం ముందు అంచున అరిగి తెల్లబడ్డ చోట చెయ్యి పెట్టింది. అరచేయి సరిగ్గా అక్కడ ఇమిడింది. "ఎవరో గాని బాగా కుట్టింది" అంది. "మణికట్టు ఇక్కడ ఆనించి బట్ట నడిపేది. సూదికి కుడిపక్కన చూడు, ఇంకా ఎక్కువ అరిగింది. బరువైన గుడ్డలు. దుప్పట్లో, పరదాలో, పోలీసు బట్టలో. రవికలకు ఇంత అరగదు."

మేస్త్రికి ఫోను చేసి రంగు వద్దన్నాను. స్టిక్కర్లు వద్దన్నాను. అరిగిన చోట తుప్పు పట్టకుండా పల్చగా మైనం రాస్తే చాలన్నాను. ఆయన నొచ్చుకున్నాడు, "మీ ఇష్టం సార్, షోరూమ్ లుక్ రాదు మరి" అన్నాడు.

మోటారు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి, ఇంటరు చదివి మానేసినది, కుట్టు నేర్చుకుంటానంది. మధ్యాహ్నాలు వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటోంది. అమ్మ కుర్చీలోంచే కాగితం మీద చంకముక్క గీయడం, కటోరీ రవిక కత్తిరింపు చెబుతోంది. పెడలు ఆ అమ్మాయిది. నిన్న అమ్మ నన్ను పిలిచి, "ఆ మేస్త్రి చెప్పిన మోటారు ఎంతరా?" అని అడిగింది. మోటారు బిగిస్తే మిషను పాతదనం పోతుందని నేను, ఈ రకం చేతిచక్రం పక్కన మోటారు నిలబెట్టేందుకు తగిన బొడిపె కూడా లేదని వివరంగా చెప్పబోయాను. "అయితే ఆ పిల్లకు వేరే మిషను కొను, మోటారుది. దీని మీద నేర్చుకుంటే చాలు, దీని మీద బతకక్కర్లేదు" అంది.

రేపు సికిందరాబాదు వెళ్ళాలి. ఆ పొడుగు బాబిన్లు నా దగ్గర రెండే ఉన్నాయి, అందులో ఒకదాని బిళ్ళ వంకరపోయింది. దుకాణంలో ఇంకో అరడజను తెప్పిస్తానన్నారు. మోటారు మిషన్ల ధరలు కూడా అక్కడే అడుగుతాను.